తొలి తల

మార్చి 8

దువ్వెనా,

చేరాను. కాళ్ళు వాచాయి గాని మిగతా మనిషి బాగానే ఉంది.

ఫోన్ చెయ్యలేదని మూతి ముడుచుకుని ఉంటావు. చెయ్యను. ఫోన్ ఎత్తగానే నువ్వు స్పీకర్లో పెడతావు, వెనక నీ మొగుడు దగ్గుతాడు, కొట్లో ఉన్నవాళ్ళంతా నన్ను పలకరిస్తారు, రెండో నిమిషానికి మనిద్దరం కొట్టుకుంటాం. ఉత్తరాల్లో కొట్టుకోవాలంటే పదేసి రోజులు ఆగాలి. అంతసేపు కోపం నిలబెట్టుకోవడం నీవల్ల కాదు. నావల్ల అవుతుందనుకో.

వీసా అక్కర్లేని దేశమే అని ఇక్కడున్న నా స్నేహితురాలు పొడుగు చెవినిల్లు కట్టుకుని చెప్పినా, గాజు పెట్టెలో కూర్చున్న అధికారి నా పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూస్తుంటే సంచీలో తిరుగు టికెట్ కోసం తడుముకున్నాను. "ఎందుకొచ్చారు?" అన్నాడు. పొడుగు నేర్పిన నాలుగు ముక్కల్లోంచి వెతుక్కుని "చూడ్డానికి" అన్నాను. "ఏం చూడ్డానికి?" అన్నాడు. అది నేర్పలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. జాలిపడ్డాడో ఏమో, "పని చేస్తారా?" అని మరో ప్రశ్న వేశాడు. "లేదు" అన్నాను. పదిహేడో ఏట విగ్గుల సూది పట్టినదాన్ని, పని చెయ్యనని నోటితో అనడం ఇదే మొదలు. మూడు నెలలుండమని ముద్ర కొట్టి పంపాడు.

పొడుగు నాతోపాటు ఎనిమిదో తరగతిలో ఎలా ఉండేదో ఇప్పటికీ అలాగే గుమ్మాలకి తల కొట్టుకుంటోంది. ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. తెల్లారకుండా వెళ్ళి చీకటిపడ్డాక వస్తుంది. మూడో అంతస్తులో ఒకటే గది, నాకొక మడత మంచం. పగలంతా నేనూ గోడలూ. నిన్న తోచక కిటికీ పరదాకి ఉన్న కుచ్చులన్నీ విప్పి మళ్ళీ ముడి వేశాను. సాయంత్రం పొడుగు వచ్చి చూసి, "మూడు నెలలు ఇల్లు మిగలనిస్తావా?" అంది.

అసలు సంగతి చెప్పలేదు. రెండో వీధిలో, చెప్పులు బాగుచేసే కొట్టుకీ తాళంచెవులు చేసే కొట్టుకీ మధ్య, కిటికీలో ఒక చెక్క తల. దానికి నెరిసిన విగ్గు. నుదుటి అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది. ఎవరి నుదురైనా అలా ఉంటుందా? ఒళ్ళు మండి లోపలికి వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ పెద్దావిడ ఒక్కతే కూర్చుని విగ్గు వల మీద వెంట్రుకలు ముడులు వేస్తోంది. నాకు ఆవిడ భాష రాదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలు పక్కన కాయకాసిన చోట బొటనవేలితో నొక్కింది. తర్వాత తన వేలు చూపించింది. అక్కడే కాయ. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నా బల్ల మీద నీ మొగుడి అట్టపెట్టెలు పెట్టలేదు కదా?

ముడత్త


మార్చి 20

మా మేనత్తగారికి,

నువ్వు క్షేమంగా చేరినందుకు సంతోషం. నేను క్షేమంగా లేను.

నీ బల్ల మీద పెట్టెలేమీ లేవు. గుడ్డ కప్పాను. నీ అల్లుడు మొన్న నీ స్టూలు మీద కూర్చోబోయి, నా మొహం చూసి లేచి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు. మిషన్ విగ్గులు తెచ్చినందుకు ఆయన్ని నువ్వెంత తిట్టుకున్నా, పోయిన నెల అద్దె వాటివల్లే కట్టాం. నాన్న ఉన్న రోజులు వేరు. ఒక్కో విగ్గుకి నెలన్నర ఆగేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? ఇది నీకు నేను మెల్లిగానే చెప్పాను. వెళ్ళేముందు రోజు నువ్వు ఆ పెట్టెల్ని కాలితో తన్నింది మాత్రం మెల్లిగా కాదు.

సరే, అది కాదు నేను అడగాలనుకున్నది. నిన్న గుడ్డ తీసి బల్ల తుడుస్తూ సొరుగు లాగాను. నీ కొక్కెం సూది లేదు. మిగతావన్నీ ఉన్నాయి. తాత చేయించిన ఆ ఒక్కటే లేదు. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు సూది ఎందుకు పట్టుకెళ్తారు అత్తా? చూసి వస్తానన్నావు. టికెట్ రానూపోనూ తీశానని చూపించావు. నాకు ముందే చెప్పి ఉంటే ఏడ్చేదాన్నేమో గాని ఆపేదాన్ని కాదు.

అబద్ధం. ఆపేదాన్ని.

దువ్వెన


ఏప్రిల్ 2

దువ్వెనా,

సూది సంగతి విను. చేతిసంచీలో రుమాలు, కళ్ళజోడు, సూది పెట్టుకోవడం నాకు అలవాటు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా నా దగ్గర ఉంటుంది. నీ పెళ్ళిలో కూడా ఉంది. దానికి నువ్వు ఇంత కథ అల్లావంటే, నీ మనసులో నేను వెళ్ళిపోవాలని ఎక్కడో ఉన్నట్టే. లేకపోతే తోచదు.

ఇది రాసి రెండు రోజులు పోస్టు చెయ్యకుండా దగ్గరే పెట్టుకున్నాను. చింపేద్దామనుకున్నాను. ఉండనీ. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది చదివితే నీ అనుమానమే నిజమని అంటావు.

పెద్దావిడ నన్ను పనిలోకి రమ్మంటోంది. జీతానికి. ఆవిడ దగ్గరున్న ఇద్దరు పనివాళ్ళలో ఒకామె మానేసిందట, రెండో ఆమెకి కళ్ళు సహకరించడం లేదట. నాటకాలవాళ్ళూ, మందులవల్ల జుట్టు ఊడిపోయినవాళ్ళూ ఆవిడ తలల కోసం నెలల తరబడి కాచుకుని ఉంటారు. చేత్తో వేసిన ముడి తప్ప వేరే మాట అక్కడ లేదు. మనలాగే ఆవిడా విగ్గుని తల అనే అంటుందని పొడుగు చెప్పింది. ఆ మాట విన్నాక నాకు నిద్రపట్టలేదు. మన ఊళ్ళో నేను బతికుండగానే పాతసామానులో కలిసిపోయాను దువ్వెనా. నువ్వు కలిపావని కాదు. ఆ పెట్టెలు వచ్చినరోజు నాకు ఆ సంగతి తెలిసింది, అంతే. తన్నింది వాటిని కాదు.

ఇక్కడి పద్ధతి చెప్తాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా, గడువు ఉండగానే, ఇక్కణ్ణించే పని పర్మిట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. జవాబు వచ్చేదాకా ఉండనిస్తారు. కాదంటే, నా ముద్ర గడువు దాటకుండా దేశం వదలాలి. పర్మిట్ చేతికి వచ్చేదాకా పని చెయ్యనని సంతకం చెయ్యాలి. "జీతం తీసుకోను, సరే" అని చేసేశాను.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. నేను మన కొట్లో ఇన్నేళ్ళు చేశానని కొట్టు కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపు. నీకు పర్మిట్ ఆఫీసునుంచి ఫోన్ కూడా వస్తుంది. మన భాష తెలిసినవాళ్ళే మధ్యలో ఉండి మాట్లాడతారట. భయపడకు, ఏమీ కల్పించకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇష్టం లేకపోతే పంపకు. అప్పుడు కోపం తెచ్చుకుంటానో లేదో ఇప్పుడే చెప్పలేను.

అత్త


ఏప్రిల్ 13

అత్తా,

కాగితం ఇందులోనే ఉంది. ముద్ర రెండు చోట్ల వేశాను, ఒకటి సరిగ్గా పడలేదని. "పనిలో ఎలాంటిది?" అని ఒక గడి ఉంటుందని నీ అల్లుడు అంటే, "చాలా మంచిది, నోరు మాత్రం పెద్దది" అని రాయబోయాను. ఆయనే ఆపాడు.

నేను నిన్ను పాతసామాను అనుకున్నానా? ఎప్పుడైనా అన్నానా? పదేళ్ళ పిల్లగా నీ బల్ల కింద కూర్చుని వెంట్రుకలు మొదళ్ళన్నీ ఒకవైపు, చివర్లన్నీ ఒకవైపు సర్దిపెట్టేదాన్ని. ఒక్కటి తిరగబడ్డా నెత్తిమీద మొట్టికాయ. పన్నెండేళ్ళకి నుదుటి అంచు వెయ్యనిచ్చావు. చెవుల పక్కన వెయ్యనిచ్చావు. నడినెత్తి సుడి మాత్రం, "అది నాకు వదిలెయ్యి" అనేదానివి. ఇన్నేళ్ళలో ఒక్క తల మొదలునుంచి చివరిదాకా నేను చెయ్యలేదు. నీకది గుర్తుందో లేదో. నువ్వుండగా అవసరం రాలేదు, నువ్వు రానివ్వనూ లేదు. ఇప్పుడు ఎవరో పెద్దావిడకి నీ చేతులు కావాలట. నాకు మాత్రం మిషన్ పెట్టెలు.

పోయిన వారం ఒక టీచరమ్మ వచ్చింది. ఆసుపత్రి మందులకి జుట్టంతా పోయింది, కనుబొమలతో సహా. "ముడులు వేసే ఆవిడ లేదా?" అని అడిగింది. ఊళ్ళో లేదన్నాను. మిషన్‌ది ఇచ్చాను. మూడోరోజు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. గీసుకుంటోందట, చెమటకి జారుతోందట. బడిలో పిల్లలు నవ్వలేదట గాని, నవ్వకుండా ఉండటానికి వాళ్ళు పడే కష్టం చూడలేకపోయిందట. డబ్బు వెనక్కిచ్చేశాను. ఆవిడ వెళ్ళకుండా చాలాసేపు నీ బల్ల వంక చూస్తూ కూర్చుంది.

నీ అర్జీ నెగ్గాలని కోరుకుంటున్నాను. పూర్తిగా కాదు, ముప్పాతిక.

దువ్వెన


మే 2

దువ్వెనా,

ముప్పాతిక చాలు. పావు నీ దగ్గరే ఉంచుకో.

అర్జీ పెట్టి నెలైంది, నీ కాగితం అందగానే దానికి జతచేశాను. రోజూ పొద్దున్నే కింద పోస్టు పెట్టె చూసి వస్తాను. పోస్టు మధ్యాహ్నం వస్తుందని తెలుసు, అయినా చూస్తాను. మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరిగాయి. వీధి చివరిదాకా నడుస్తాను, అక్కడ చెయ్యాల్సిందేమీ ఉండదు, వెనక్కి వస్తాను. పొడుగు ఇంట్లో గుమ్మం దగ్గర పట్టా అంచుకి పోగులుంటే అవీ ముడేశాను. ఎదురింటివాళ్ళ బొచ్చుకుక్క కనిపిస్తే దువ్వెన కోసం చెయ్యి జేబులోకి వెళ్తోంది.

అయితే ఒక మంచిమాట. పెద్దావిడకి మోకాలు ఆపరేషన్ అయింది. రెండు వారాల పైన కొట్టు మూసి ఉంచాల్సి వచ్చింది. మూసి ఉంచితే జుట్టు ముక్కిపోతుంది కదా, రోజూ కిటికీలు తెరిచి కాస్త గాలి తగలనిమ్మని తాళంచెవి నాకిచ్చింది. నన్ను నమ్మి కొట్టు తాళం ఇచ్చింది చూడు!

మొదటిరోజు కిటికీలు తెరిచాను. రెండోరోజు తెరిచాను. మూడోరోజు బల్ల మీద చెక్క తలకి తొడిగిన వల చూశాను. సగం ముడులు వేసి ఉన్నాయి. పని మానేసినామె వదిలివెళ్ళిన తల. పక్కనే చీటీ మీద ఒక ఆడపిల్ల ఫొటో. పదేళ్ళుండవు. గుండు. నవ్వుతోంది.

నువ్వైతే ఏం చేస్తావు?

మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. కొత్త బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు మొదటి తల ఊరికే చేసివ్వాలి. పైసా ముట్టకూడదు. అలా చేస్తేనే ఆ బల్ల మనదవుతుందని తాత అనేవాడు. మీ నాన్న చేశాడు. నా తొలి తల నాటకంలో ముసలిరాజు వేషానికి చేశాను, ఆ రోజునుంచే ఆ బల్ల నాది. తొలి తల పని కిందికి రాదు, మొక్కు కిందికి వస్తుంది. అందుకని కూర్చున్నాను. రెండు వారాలు రోజూ కూర్చున్నాను. నడినెత్తి సుడి వేసేటప్పుడు దీపాలు పెట్టే వేళ దాటినా లేవలేదు. పని కోసం నేనెంత ఆకలితో ఉన్నానో అప్పుడు తెలిసింది.

నిన్న పెద్దావిడ కర్ర పట్టుకుని వచ్చింది. తల చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొహం పాలిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని ఏదేదో చెప్పింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొడుగు పక్కన లేదు, ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావాలా? పనితనం తెలిసినవాళ్ళు అంతే, చూడగానే కదిలిపోతారు. ఆ వెంటనే తల తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. అంత అపురూపంగా చూసుకుంది.

నా తొలి తల అయిపోయింది దువ్వెనా. ఇక పర్మిట్ రావడమే ఆలస్యం.

నీ అత్త


మే 11

అత్తా! అత్తా!

ఫోన్ వచ్చింది! నీ ఉత్తరం పొద్దున అందింది, ఫోన్ సాయంత్రం వచ్చింది. ముందు అక్కడి అధికారి, మధ్యలో మన భాషావిడ. చాలా మర్యాదగా మాట్లాడింది. నేను కౌంటర్ దగ్గర నిలబడే మాట్లాడాను, కూర్చుంటే గొంతు రాదని.

ఎన్నేళ్ళు చేసిందని అడిగారు, చెప్పాను. ఏం చేసేదని అడిగారు, మొదళ్ళూ చివర్లూ దగ్గర్నుంచి సుడిదాకా అంతా చెప్పాను. పాపం ఆవిడ అన్నీ అటు తిప్పి చెప్పలేక తంటాలు పడింది. ఆఖర్న, "మీ మేనత్త ఇక్కడికి వచ్చాక ఏం చేస్తున్నారో మీకు తెలుసా?" అని అడిగింది. నాకెంత గర్వమేసిందో! "ఎందుకు తెలీదండీ, ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆ కొట్లో అప్పుడే తొలి తల కూడా చేసేసింది. పైసా తీసుకోలేదు. రెండు వారాలు రోజూ కూర్చుని చేసింది. అలాంటి మనిషి మీకు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను. అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి. రాసుకుంటున్నారనుకుంటాను. "మళ్ళీ ఒకసారి చెప్తారా?" అంది. మళ్ళీ చెప్పాను, ఇంకా బాగా చెప్పాను.

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. నీ అల్లుడు, "బాగా చెప్పావు కదా, ఎందుకు?" అన్నాడు. బాగా చెప్పాను కాబట్టే. ఇక నువ్వు రావు. ఆ పావు కూడా నీకే ఇచ్చేస్తున్నాను.

నీ దువ్వెన


మే 22

నీకు,

కాదన్నారు.

నిన్న పిలిచి చెప్పారు. పర్మిట్ లేకుండా పని చేశానట. జీతం తీసుకోకపోయినా పని పనేనట, జీతం వచ్చేచోట ఊరికే చేసినా లెక్కేనట. సంతకం పెట్టి మాట తప్పానట. ఎవరు చెప్పారంటే, నా సొంత మనిషే, అదీ రెండుసార్లు చెప్పిందన్నారు. పెద్దావిడ ఆ రోజు నా చేతులు పట్టుకుని ఏడ్చింది ఎందుకో పొడుగు ఇప్పుడు అడిగి చెప్పింది. "ఎంత పని చేశావమ్మా, నీ కాగితం పోతుంది, ఎవరికీ చెప్పకు" అందట. అందుకే బీరువాలో దాచింది. దాచి ఏం లాభం? నువ్వున్నావుగా చాటింపు వెయ్యడానికి.

నన్ను వెనక్కి రప్పించుకోవాలనుకుంటే తిన్నగా రమ్మనాల్సింది. ఆ పావు ఎక్కడ దాచావో ఇప్పుడు తెలిసింది.

ముద్ర గడువులోగా దేశం దాటాలి. ఎక్కడికి వెళ్తానో నాకే తెలీదు. ఇంటికి మాత్రం కాదు.


జూన్ 1

అత్తా,

సంతకం కూడా చెయ్యకుండా పంపావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, ఐదోసారి నీ అల్లుడి చేతికిచ్చాను. ఆయన చదివి, ఈ మిషన్ గోలంతా నావల్లే అని బయటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మన ముగ్గురం మూడు చోట్ల ఏడుస్తున్నాం, నువ్వొక దేశంలో.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు." ఎవరి మాట అది? ఏప్రిల్ రెండో తేదీ ఉత్తరం తీసి నీకు తిరిగి పంపనా? తొలి తల పని కిందికి రాదని రాసింది ఎవరు? తాత చెప్పింది నువ్వూ నమ్మావు, నేనూ నమ్మాను. వాళ్ళకి తాత ఎవరో తెలీదు. అందులో నా పాపం ఏముంది?

నీకు అన్యాయం చెయ్యాలనుకుంటే, ఆ కాగితం పంపకుండా ఊరుకుంటే సరిపోయేది. ముద్ర రెండుసార్లు కొట్టేదాన్నా? నిన్ను పొగిడే అవకాశం జన్మలో ఒక్కసారి వచ్చింది. నీ ఎదురుగా పొగడనివ్వవు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడిగారు కదా అని నోరారా పొగిడాను. అది నీ నెత్తిమీద పడింది.

రా. కోపం పోయాక రా, పోకపోయినా రా. బల్ల అలాగే ఉంది.

నువ్వు ఎక్కడున్నావో తెలీదు. పొడుగత్త ఇంటికే పంపుతున్నాను.

దువ్వెన


జూన్ 14

దువ్వెనా,

పొడుగు నీ ఉత్తరాన్ని ఇంకో కవరులో పెట్టి పంపింది. సరిహద్దు దాటి మొదటి ఊళ్ళో ఉన్నాను. ఇక్కడికీ వీసా అక్కర్లేదు. బస్టాండు ఎదురుగా లాడ్జీ, రెండో అంతస్తు, కిటికీ తెరిస్తే బస్సుల పొగ. బయటినుంచి మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చట, మనిషి దేశంలో లేకుండా. పెద్దావిడ కర్రతోనే ఆఫీసుకి వెళ్ళి అది కనుక్కుని, కాగితాలు కూడా నింపి పంపింది. సంతకం పెట్టి తిప్పి పంపడమే మిగిలింది. అవి బల్ల మీద ఉన్నాయి. రెండు నెలలు పడుతుందట. ఈసారైనా ఇస్తారో లేదో ఎవరూ చెప్పరు.

నేను రాసింది తప్పు. నువ్వు కావాలని చెప్పావని రాసేటప్పుడే నాకు తెలుసు నువ్వు అలాంటిదానివి కాదని. అయినా రాశాను. కోపం వస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ళమీద విసిరెయ్యడం నాకు అలవాటైపోయింది. ఈసారి ఎదురుగా నువ్వు కూడా లేవు. నిన్ను వెతికి మరీ విసిరాను. నీ ఉత్తరం చదివి బస్టాండులో కూర్చుని ఏడ్చాను. పక్కనున్నావిడ బస్సు తప్పిపోయిందేమోనని ఓదార్చింది.

రోజూ పొద్దున్నే లేచి చేతులు కడుక్కుంటాను, పనిలో కూర్చునే ముందు కడుక్కున్నట్టు. ఆ తర్వాత చెయ్యడానికేమీ ఉండదు. దుప్పటి అంచు విప్పుదామనుకున్నాను గాని లాడ్జీవాళ్ళు ఊరుకోరు. సూది ఈ సంచిలోంచి ఆ సంచిలోకి మారుస్తున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు దువ్వెనా. కాలుగాలిన పిల్లిలా తిరిగీ తిరిగీ అలిసిపోయాను. నాకు యాభై నాలుగేళ్ళు. ఈ వయసులో ఎవరో కాగితం ఇస్తే గాని సూది పట్టకూడదా?

వచ్చేస్తాను. తిరుగు టికెట్ ఇంకా చెల్లుతుంది. అల్లుడి పెట్టెల పక్కనే కూర్చుంటాను, తన్నను. నా బల్ల తుడిచి ఉంచు.

అత్త


జూన్ 28

అత్తా,

బల్ల తుడిచాను. కానీ అది నీది కాదు.

నీకు చెప్పలేదు, చెప్తే మొట్టికాయ వేస్తావని. ఆ టీచరమ్మ కోసం ఏప్రిల్‌లోనే వల తెచ్చి నీ బల్ల దగ్గర కూర్చున్నాను. సాయంత్రాలు కొట్టు కట్టేసేముందు కాసేపు. ఎన్నిసార్లు విప్పానో లెక్కలేదు. చెవులదాకా వచ్చి, నడినెత్తి దగ్గర ఆగిపోయాను. సుడి నీకు వదిలేశాను, ఎప్పటిలాగే. నువ్వు వచ్చాక వేస్తావులే అనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చింది. "వచ్చేస్తాను" అన్న మాట చదివి ముందు ఎగిరి గంతేశాను. నిజం. నీ అల్లుణ్ణి పిలిచి చెప్పాను కూడా. తర్వాత మళ్ళీ చదివాను. "తన్నను" అని రాశావు. నువ్వు! పెట్టెల పక్కన చేతులు ముడుచుకుని కూర్చుంటానని నువ్వు రాశావు! ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు, చూడాలని కూడా లేదు. అలాంటి అత్త ఇంటికొస్తే నేనేం చేసుకోను?

అందుకని కౌంటర్ నీ అల్లుడికి అప్పగించి నాలుగు రోజులు బల్ల ముందునుంచి లేవలేదు. సుడి నేనే వేశాను. నిన్న టీచరమ్మ వచ్చి పెట్టుకుంది. అద్దంలో చూసుకుంది. చెయ్యెత్తి నడినెత్తి తడుముకుంది, చిన్నప్పుడు వాళ్ళమ్మ నూనె పెట్టేచోటట అది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

నా తొలి తల అయిపోయింది. తాత పద్ధతి ప్రకారం బల్ల నాది. నీకు ఇక్కడ చోటు లేదు అత్తా. ఆ కాగితాల మీద సంతకం పెట్టి పెద్దావిడకి పంపు. రెండు నెలలు కాకపోతే నాలుగు నెలలు, ఆ లాడ్జీలోనే ఊరికే కూర్చో. ఎవరి తలకీ చెయ్యి పెట్టకు, కుక్కది కూడా దువ్వకు.

చుట్టపుచూపుగా ఎప్పుడైనా రా, ఎన్నాళ్ళైనా ఉండు. మన ఇంటికీ వీసా అక్కర్లేదు. కానీ పని మాత్రం చెయ్యనివ్వను.

టీచరమ్మ ఫొటో పంపుతున్నాను. సుడి చూసి తిట్టు.

దువ్వెన


ఆగస్టు 10

అత్తా,

నీ కొత్త అర్జీ గురించి మళ్ళీ ఫోన్ వచ్చింది. అదే ఆవిడ. "మీ మేనత్త ఇప్పుడేం చేస్తున్నారు?" అంది.

"ఏమీ చెయ్యడం లేదండీ, ఊరికే కూర్చుంది" అన్నాను.

"మీకు కచ్చితంగా తెలుసా?"

"తెలుసండీ. ఆవిడ ఉత్తరాలు చూడండి, పిచ్చెక్కిపోతోంది."

ఆవిడ నవ్వు ఆపుకోలేక, అటు తిప్పి చెప్పడానికి కాసేపు ఆగింది. అంతకుమించి నేనొక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఎంత కష్టమైందో నీకు తెలీదు.

దు.


ఆగస్టు 31

దువ్వెనా,

పర్మిట్ కార్డు వచ్చింది. నా ఫొటోలో జుట్టు అడ్డదిడ్డంగా ఉంది, అయినా నాదే.

బస్సులో సరిహద్దుకి వచ్చాను. మళ్ళీ గాజు పెట్టె, మళ్ళీ అధికారి. "ఎందుకొచ్చారు?" అన్నాడు. "పని చెయ్యడానికి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, వెనక వరసలో వాళ్ళు తలలెత్తి చూశారు.

పెద్దావిడ బీరువా తాళం తీసి ఆ తల ఇంకా ఇవ్వలేదని చూపించింది. నేను వచ్చాకే ఇద్దామని ఆగిందట. నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ గుండుతోనే ఉందా? మొన్న వాళ్ళమ్మ తీసుకొచ్చింది. తీరా చూస్తే పిల్లకి సొంత జుట్టు వేలెడంత మొలిచింది. తల పెట్టుకుని, అద్దంలో చూసి, తీసేసి, "దీన్ని బొమ్మకి పెట్టుకోనా?" అని అడిగింది. పెట్టుకోమన్నాను. నా తొలి తల ఒక బొమ్మ నెత్తిమీద ఉంది. నవ్వు, ఫరవాలేదు, నేనూ నవ్వాను.

నీ టీచరమ్మ ఫొటో లాడ్జీలో అద్దానికి గుచ్చుకున్నాను. సుడి కుడివైపు తిప్పావు. ముప్పై ఏడేళ్ళుగా ఆ బల్ల మీద సుడి ఎడమకే తిరిగింది. మొదటిరోజు తిట్టుకున్నాను. రెండోరోజు చూస్తే ఆవిడ కనుబొమ మొలుస్తున్న తీరు, నుదుటి వాలు, అన్నీ అటే ఉన్నాయి. నువ్వు ఆవిణ్ణి చూసి వేశావు. నేనైతే నా చేతి అలవాటు చూసుకుని వేసేదాన్ని. సుడి నాకు వదిలెయ్యి అని అన్నేళ్ళు నీ చెయ్యి ఎందుకు పట్టి ఆపానో నాకు తెలీదు. పట్టుకోకుండా ఉండాల్సింది.

వచ్చే ఏడాది నెలరోజులు సెలవిస్తారట. వస్తాను. చెయ్యి పెట్టను, సూది కూడా ఇక్కడే వదిలి వస్తాను. బల్ల పక్కన ఒక స్టూలు వెయ్యి. గుమ్మంలో నిలబెట్టి ఎందుకొచ్చావని అడుగు. చూడ్డానికి అంటాను. ఏం చూడ్డానికి అని కూడా అడుగు.

ఈసారి నోరు తెరుచుకుని నిలబడను. నువ్వు సుడి వేస్తుంటే చూడ్డానికి.

మీ అత్త